పరుగెత్తే కాళ్ళు, పెరిగే ఎముకలు

పిల్లలూ! ఆటల పండుగ దగ్గర పడుతున్నదంటే మన బడి పాడాంగుకు కొత్త కళ వస్తుంది. సున్నంతో తెల్లని గీతలు గీస్తారు. ఎర్ర ఇల్లు, నీలి ఇల్లు, పసుపు ఇల్లు, ఆకుపచ్చ ఇల్లు అంటూ రంగురంగుల గుడారాలు లేస్తాయి. మైలో బండి ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూసేవారు కొందరు. నూరు మీటర్ల పరుగు జాబితాలో తమ పేరు ఉన్నదా లేదా అని వెదుక్కొనేవారు మరికొందరు.

ఆ సందడిలోనే మరొక సంగతి కూడా జరుగుతూ ఉంటుంది. దానిని ఎవరూ పైకి చెప్పరు. సాధన మొదలైన రెండు మూడు వారాలకు ఒకరికి మడమ నొప్పి పుడుతుంది. ఒకరికి మోకాలి కింద ముట్టుకుంటే చాలు, ప్రాణం పోయినట్లుంటుంది. "చిక్‌గు చూస్తే జట్టులోనుంచి తీసేస్తారు" అని వారు ఆ నొప్పిని దాచిపెట్టి పరుగెత్తుతారు. తరగతిలోకి వచ్చేటప్పుడు కుంటకుండా నడవడానికి ప్రయత్నించే పిల్లలను నేను చాలామందిని చూశాను. మెట్లు దిగేటప్పుడు మాత్రం దొరికిపోతారు! ఆ నొప్పి ఎందుకు వస్తుంది? రాకుండా చేసుకోవడం ఎట్లా? వచ్చినప్పుడు ఏమి చేయాలి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

మొదట పరుగు అంటే ఏమిటో చూద్దాం. నడిచేటప్పుడు ఎప్పుడూ ఒక పాదమైనా నేలమీద ఉంటుంది. పరుగులో అట్లా కాదు. రెండు పాదాలూ గాలిలో ఉండే క్షణం ఒకటి ఉంటుంది. అంటే పరుగెత్తేవాడు అడుగడుగునా చిన్న గెంతు గెంతుతున్నాడన్నమాట. గెంతినవాడు మళ్ళీ నేలమీద పడాలి కదా! అట్లా పడినప్పుడు అతని బరువుకు రెండు మూడు రెట్ల తాకిడి ఒక్క కాలిమీద పడుతుంది. ముప్పై కిలోల బరువున్న బాలుని కాలు అరవై నుండి తొంభై కిలోల దాకా మోయవలసి వస్తుంది. దుకాణంలో అమ్మే పది కిలోల బియ్యం సంచులు ఆరో తొమ్మిదో ఒక్కసారి కాలిమీద పెట్టినట్లు!

మన బడులలో జరిగే మెరెంతాస్ దేశా పరుగు మూడు కిలోమీటర్లు ఉన్నదనుకోండి. అడుగుకు ఒక మీటరు చొప్పున లెక్క వేస్తే మూడు వేల అడుగులు. ఒక్కొక్క కాలు పదిహేను వందల సార్లు ఆ బరువును మోస్తుంది. వారానికి ఐదు రోజులు ఇట్లాగే పరుగెత్తితే ఎంత అవుతుందో మీరే గుణించి చూడండి.

ఈ లెక్క చూసి భయపడనక్కరలేదు. ఎముక రాయి వంటిది కాదు. దానికి ప్రాణమున్నది. బరువు మోసినప్పుడు ఎముకలో కంటికి కనిపించనంత చిన్న అరుగుదల కలుగుతుంది. విశ్రాంతి దొరికినప్పుడు శరీరం ఆ చోటును బాగుచేసి, మునుపటికంటె గట్టిగా కడుతుంది. కండరాలు కూడా ఇంతే. కాబట్టి మనిషి బలపడేది పరుగెత్తేటప్పుడు మాత్రమే కాదు. పరుగెత్తిన తరువాత తిని, నిద్రపోయేటప్పుడు కూడా. విశ్రాంతి ఇవ్వకుండా రోజూ కొడుతూ ఉంటే బాగుచేసే పని వెనుకబడుతుంది, అరుగుదల ముందుకు పోతుంది. అప్పుడు మొదట నొప్పి, తరువాత వాపు, చివరకు ఎముకలో సన్నని పగులు. గోడలో వెంట్రుక వంటి బీట కనిపిస్తుందే, అటువంటిదే ఇది.

పెద్దవారికీ పిల్లలకూ ఇక్కడ ఒక పెద్ద తేడా ఉన్నది. మీ ఎముకలు ఇంకా పెరుగుతున్నాయి. పొడవైన ఎముకల చివరల దగ్గర మృదులాస్థితో చేయబడిన మెత్తని పొర ఉంటుంది. చెవి తమ్మెకు పైన ఉండే భాగాన్ని వంచి చూడండి, అది మృదులాస్థే. ఎముక పొడవు పెరిగేది ఆ పొర దగ్గరనే. ఎదుగుదల పూర్తి అయిన తరువాత అది గట్టిపడి మామూలు ఎముకగా మారిపోతుంది. అంతవరకు మాత్రం ఎముక అంతటిలోనూ బలహీనమైన చోటు అదే.

సాధారణంగా ఆడపిల్లలు పది పదమూడేళ్ళ మధ్య, మగపిల్లలు పన్నెండు పదిహేనేళ్ళ మధ్య గబగబా ఎదుగుతారు. కొత్త యూనిఫారం పంట్లాము ఆరు నెలలకే పొట్టి అయిపోయే కాలం అది. అప్పుడు ఎముకలు ముందు పొడవు అవుతాయి. కండరాలు వెనుక నుండి వాటిని అందుకోవాలి. అంతవరకు కండరాలు బిగించి కట్టిన బట్టల తీగలాగా ఉంటాయి. తొడ కండరం మోకాలిచిప్ప మీదుగా వచ్చి మోకాలి కింద ఎముకకు అతుక్కొని ఉంటుంది. పరుగెత్తినప్పుడల్లా, గెంతినప్పుడల్లా అది ఆ మెత్తని చోటును లాగుతుంది. అక్కడ నొప్పి, చిన్న బొడిపె వస్తాయి. 1903లో అమెరికాలో ఆస్‌గుడ్ అనే వైద్యుడు, స్విట్జర్లాండులో ష్లాటర్ అనే వైద్యుడు ఎవరికి వారే దీనిని గురించి వ్రాశారు. అందుచేత వైద్యులు దీనిని ఇద్దరి పేర్లతో ఆస్‌గుడ్-ష్లాటర్ అంటారు. పిక్క కండరం మడమను ఇట్లాగే లాగితే వచ్చే నొప్పికి సీవర్ అనే మరొక వైద్యుని పేరు పెట్టారు. ఆయన దానిని 1912లో వివరించాడు. మీ మడమ నొప్పికి నూరేళ్ళు దాటిన చరిత్ర ఉన్నదన్నమాట! ఈ రెండూ ప్రమాదమైన జబ్బులు కావు. పరుగు తగ్గిస్తే తగ్గుతాయి. ఎదుగుదల పూర్తి కాగానే చాలామందికి పూర్తిగా పోతాయి. దాచి పరుగెత్తినవారికి మాత్రం వారాలలో పోయేది నెలలు పడుతుంది.

పిల్లలు చిన్న సైజు పెద్దవారు కారని ఆటల నియమాలు వ్రాసినవారికి కూడా తెలుసు. పెద్ద మగవారు విసిరే ఇనుప గుండు 7.26 కిలోలు. పద్దెనిమిదేళ్ళ లోపు బాలురకు అది 5 కిలోలే. అదే వయసు బాలికలకు 3 కిలోలు. నూరు మీటర్ల హర్డిల్స్‌లో స్త్రీలు దాటే కంచె ఎత్తు 83.8 సెంటీమీటర్లు, పద్దెనిమిదేళ్ళ లోపు బాలికలకు 76.2 సెంటీమీటర్లు. "అన్నయ్య గుండు నేను కూడా విసరగలను" అని పందెం వేసే తమ్ముళ్ళు ఈ అంకెలు గుర్తుంచుకుంటే మంచిది.

మన దేశంలో పరుగుకు గొప్ప చరిత్ర ఉన్నది. పేరాక్ రాష్ట్రంలోని క్వాలా కంగ్సార్‌లో పుట్టిన మణి జగదీశన్ 1960లో రోము ఒలింపిక్స్‌లో పరుగెత్తినప్పుడు ఆయన వయసు పదహారేళ్ళు. మీలో పై తరగతుల అన్నలంత వయసు! 1966లో బ్యాంకాక్ ఆసియా క్రీడలలో 100 మీటర్లు, 200 మీటర్లు, నలుగురి రిలే - మూడింటిలోను ఆయన బంగారు పతకాలు పొందాడు. అవే క్రీడలలో రాజమణి అనే యువతి 400 మీటర్ల పరుగులో బంగారు పతకం తెచ్చింది. 1968లో మెక్సికోలో జగదీశన్ 200 మీటర్లను 20.92 సెకండ్లలో పరుగెత్తాడు. ఆ జాతీయ రికార్డు 2017 వరకు, అంటే నలభై తొమ్మిదేళ్ళు, చెక్కుచెదరలేదు. నాకు ఆయన కథలో పతకాలకంటె నచ్చేది వేరొకటి. ఒకవైపు పరుగెత్తుతూనే ఆయన వైద్యం చదివి డాక్టరు అయ్యాడు. తరువాత క్రీడాకారుల ఆరోగ్యం చూసే వైద్య సంఘాలలో పనిచేశాడు. కాళ్ళను ఉపయోగించడమూ తెలుసు, వాటి లోపల ఏమున్నదో కూడా తెలుసు. ఇటీవలి వారిలో అజీమ్ ఫహ్మీ 2022లో కొలంబియాలోని కాలీ నగరంలో జరిగిన ఇరవై ఏళ్ళ లోపువారి ప్రపంచ పోటీలలో 100 మీటర్లు 10.09 సెకండ్లలో పరుగెత్తి మలేషియా రికార్డు నెలకొల్పాడు. అప్పుడు ఆయనకు పద్దెనిమిదేళ్ళు.

మన తాతముత్తాతలలో చాలామంది విశాఖపట్నం, శ్రీకాకుళం వైపుల నుండి ఓడలెక్కి ఈ దేశపు రబ్బరు తోటలకు, కొబ్బరి తోటలకు వచ్చినవారు. ఆ విశాఖపట్నంలోనే 1999లో జ్యోతి యర్రాజి పుట్టింది. తండ్రి కాపలా ఉద్యోగి. తల్లి ఇళ్ళలో పనిచేసేది. హర్డిల్స్ పరుగులో పది కంచెలు ఉంటాయి; ఒక కంచెకూ మరొక దానికీ మధ్య ఎనిమిదిన్నర మీటర్లు. జ్యోతి 2022లో ఈ పరుగును 13.23 సెకండ్లలో ముగించి, ఇరవై ఏళ్ళుగా నిలిచి ఉన్న భారత రికార్డును దాటింది. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా విజేత అయింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళింది. భారతదేశం నుండి ఆ పరుగుకు వెళ్ళిన మొదటి స్త్రీ ఆమెయే. 2025లో మళ్ళీ ఆసియా బంగారు పతకం గెలిచింది. అయితే ఆ సంవత్సరమే సాధన చేస్తుండగా ఆమె మోకాలిలో ఎముకలను కలిపి పట్టి ఉంచే కట్టు దెబ్బతిన్నది. శస్త్రచికిత్స చేయించుకొని, టోక్యోలో జరిగిన ప్రపంచ పోటీలకు వెళ్ళకుండా ఆగిపోవలసి వచ్చింది. అంత గొప్ప పరుగుకత్తె కూడా ఆగింది. ఆటల పండుగలో తమ ఇంటికి రెండు పాయింట్లు పోతాయని మనవారు ఆగరు!

సాధన ఎట్లా చేయాలో ఇప్పుడు చూద్దాం. గాయాలకు అన్నిటికంటె పెద్ద కారణం ఒక్కసారిగా ఎక్కువ చేయడం. సెలవులన్నీ ఫోను పట్టుకొని కూర్చొని, బడి తెరిచిన వారంలో రోజూ గంటన్నర పరుగెత్తితే కాళ్ళు ఏమి కావాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు నుండి పదిహేడేళ్ళ పిల్లలు రోజుకు సగటున అరవై నిమిషాలు ఒళ్ళు కదిలే పని చేయాలని చెబుతున్నది. అది పరుగే కానక్కరలేదు. సైకిలు, ఈత, కోకో, చెడుగుడు, తొక్కుడుబిళ్ళ అన్నీ లెక్కలోకి వస్తాయి. తొక్కుడుబిళ్ళను చిన్న ఆట అనుకోకండి. ఒంటికాలిపై గెంతి నిలదొక్కుకోవడం చీలమండకు ఎంతో మంచి వ్యాయామం. 2019లో మన దేశంలో జరిగిన ఆరోగ్య పరిశీలనలో ఐదు నుండి పదిహేడేళ్ళ పిల్లలలో దాదాపు ముప్పై శాతం మంది ఉండవలసిన దానికంటె ఎక్కువ బరువుతో ఉన్నట్లు తేలింది. కాబట్టి కాలు నొప్పి పుడుతుందేమోనని కూర్చోవడం కూడా దారి కాదు. ఏడాది పొడవునా కొద్దికొద్దిగా కదిలేవారికి ఆటల పండుగ సాధన కొత్తగా అనిపించదు. సెగాక్ పరీక్షలో బల్ల ఎక్కి దిగడం, కాళ్ళు చాపి ముందుకు వంగి వేళ్ళను అందుకోవడం ఉంటాయి కదా! మీ కండరాలు ఎంత బిగిసి ఉన్నాయో ఆ వంగుడులో మీకే తెలిసిపోతుంది.

పందెపు సాధన చేసేవారు వారానికి కనీసం ఒక రోజైనా పూర్తిగా విశ్రాంతి తీసుకోవాలి. వారంలో సాధన గంటలు మీ వయసు అంకెను దాటకూడదని వైద్యులు ఒక సులువైన కొలత చెబుతారు. పదకొండేళ్ళ పిల్లకు పదకొండు గంటలు మించకూడదన్నమాట. బడి సాధన, క్లబ్బు సాధన, సాయంత్రం బంతాట అన్నీ కలిపి లెక్కపెట్టాలి. ఎవరి చిక్‌గు వారిదే చూస్తారు. మొత్తం లెక్క తెలిసేది మీకూ మీ అమ్మానాన్నలకే.

పరుగుకు ముందు పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కించాలి. మొదట మెల్లగా నడక, తరువాత చిన్న పరుగు, మోకాళ్ళు పైకెత్తి పరుగు, మడమలు పిరుదులకు తగిలేట్లు పరుగు, పక్కలకు గెంతులు, చివర రెండు మూడు చిన్న వేగపు పరుగులు. కదలకుండా నిలబడి కండరాలను చాలాసేపు సాగదీయడం పరుగు అయిన తరువాత చేసుకోవచ్చు. ముందు చేయవలసినది కదలిక.

బూట్ల సంగతి కూడా కొంచెం చెప్పాలి. తరగతికి వేసుకొనే నల్లబూట్లు పరుగుకు చేసినవి కావు. వాటి అడుగు పలుచన. ఖరీదైనవే కొనాలని నేను అనను. మడమ దగ్గర కొంచెం మెత్తగా ఉండి, కాలికి సరిపడి, బొటనవేలి ముందు ఒక వేలెడు చోటు ఉంటే చాలు. "రేపు ఎదుగుతాడు కదా" అని రెండు సైజులు పెద్దవి కొనే అమ్మలున్నారు. అందులో పాదం జారి మడమ బొబ్బలెక్కుతుంది. ఇథియోపియా వీరుడు అబేబె బికిలా 1960లో అదే రోము ఒలింపిక్స్‌లో వట్టి కాళ్ళతో మారథాన్ గెలిచాడు. నిజమే. ఆయన వట్టి కాళ్ళతో పరుగెత్తడం అలవాటున్నవాడు. పోటీనాడు హఠాత్తుగా బూట్లు విప్పి పరుగెత్తే మనవారి సంగతి వేరు. పాడాంగులో గాజుపెంకులు, మేకులు కూడా ఉంటాయి.

మన దేశంలో ఎముకకంటె, కండకంటె ముందు చూసుకోవలసినది ఎండ. చెమట పట్టడం వల్ల ఒళ్ళు చల్లబడదు. పట్టిన చెమట ఆరిపోవడం వల్ల చల్లబడుతుంది. ఇక్కడి గాలిలో ఎప్పుడూ తేమ ఎక్కువ కనుక చెమట కారుతుందే గాని త్వరగా ఆరదు. లోపలి వేడి పెరుగుతూనే ఉంటుంది. 2023 ఏప్రిల్ చివరలో కెలాంతాన్ రాష్ట్రంలో పదకొండేళ్ళ బాలుడు వడదెబ్బ తగిలి చనిపోయాడు. ఆ తరువాత బడులలో ఆరుబయట ఆటలు కొంతకాలం ఆపివేశారు. వాతావరణ శాఖవారు ఒకచోట వరుసగా మూడు రోజులు 35 డిగ్రీలు లేదా అంతకంటె ఎక్కువ వేడి ఉంటే మొదటి హెచ్చరిక ఇస్తారు. హెచ్చరిక లేని రోజున కూడా పదకొండు గంటల నుండి నాలుగు గంటల వరకు గట్టి సాధన వద్దు. తెల్లవారి చల్లదనంలో చేసుకోవడమే మేలు.

దాహం వేసేదాకా ఆగక మధ్యమధ్య కొద్దిగా నీళ్ళు త్రాగాలి. తగినంత త్రాగారో లేదో మూత్రం రంగు చెబుతుంది. లేత పసుపుగా ఉంటే సరే. టీ రంగులో ఉంటే నీళ్ళు చాలలేదన్నమాట. పరుగెత్తుతున్న స్నేహితుడు తూలుతున్నా, తలనొప్పి అన్నా, వాంతి చేసుకొన్నా, పొంతన లేకుండా మాట్లాడినా వెంటనే ఆపండి. నీడకు తీసుకుపోయి, ఒంటిమీద చల్లని నీళ్ళు ధారగా పోస్తూ విసరండి. పెద్దవారిని పిలిచి 999కు ఫోను చేయించండి. మాట తడబడుతున్నవానికి, స్పృహ లేనివానికి నోట్లో నీళ్ళు పోయకూడదు. ఆసుపత్రి బండి వచ్చేదాకా చల్లబరచడం ఆపకూడదు. ఆ కొద్ది నిమిషాలే ప్రాణం నిలబెడతాయి.

ఖాళీ కడుపుతో సాధనకు రావద్దు. పరుగుకు గంటన్నర ముందు ఒక అరటిపండో, రెండు ఇడ్లీలో తింటే చాలు. నూనె కారే నాసి లెమాక్ మాత్రం పరుగు అయిన తరువాత! మన మామ్మలు కాచే చోడి అంబలిని చులకనగా చూస్తారు గాని, చోళ్ళలో ఎముకలకు కావలసిన సున్నపు సత్తువ ఎంతో ఉన్నది. గుడ్డు, చేప, పప్పు, ఆకుకూర కూడా ఉండాలి. సన్నగా ఉంటే వేగంగా పరుగెత్తవచ్చునని తిండి మానే ఆడపిల్లలకు ఎముకలే ముందు దెబ్బతింటాయి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక్కొక్కప్పుడు కాలు బెణుకుతుంది. అప్పుడు పరుగు ఆపి కూర్చోవాలి. మంచు ముక్కలను గుడ్డలో చుట్టి పదిహేను ఇరవై నిమిషాలు పెట్టాలి. మంచును నేరుగా చర్మానికి తగిలించకూడదు. మెత్తని పట్టీ కట్టి, కాలిని దిండుమీద ఎత్తుగా ఉంచాలి. మన ఇళ్ళలో బెణికిన వెంటనే గామత్ నూనె రాసి గట్టిగా మర్దన చేస్తారు. కొందరు కాలు పట్టి లాగిస్తారు కూడా. మొదటి రెండు మూడు రోజులు మర్దన, వేడి కాపడం రెండూ వద్దు. వాపు పెరుగుతుంది. లోపల ఎముక విరిగి ఉంటే లాగడం వల్ల ఇంకా చెడుతుంది.

ఏ నొప్పి మామూలుది, ఏది కాదు? సాధన చేసిన మరునాడు రెండు తొడలలోనూ, రెండు పిక్కలలోనూ సమానంగా ఉండి, రెండు రోజులకు తగ్గే నొప్పి మామూలుది. ఒకే కాలిలో, వేలితో చూపగలిగేంత చిన్న చోట ఎముకమీద ఉండే నొప్పి మామూలుది కాదు. రాత్రి నిద్రలో లేపే నొప్పి, కీలు ఉబ్బడం, కాలుమీద బరువు మోపి నాలుగడుగులు వేయలేకపోవడం, వారం దాటినా కుంటడం - వీటిలో ఏది ఉన్నా క్లినిక్కులో డాక్టరుకు చూపించాలి. అమ్మానాన్నలకు చెప్పడానికి జంకితే తరగతి ఉపాధ్యాయునికి చెప్పండి. మడమ నొప్పి నాడే చెప్పినవానిని చిక్‌గు రెండు వారాలు పరుగు మానిపిస్తారేమో గాని, గడియారం పట్టుకొని కాలం లెక్కించే పని ఇచ్చి జట్టులోనే ఉంచుతారు. ఎముక పగిలినదాకా దాచినవానికి మూడు నెలలు ఏ ఆటా ఉండదు.

నొప్పి తగ్గిన తరువాత మొదటిరోజే పాత వేగం అందుకోవాలని చూడకండి. ముందు అరగంట వేగంగా నడవండి. నొప్పి లేదా? దెబ్బ తగిలిన కాలుమీద ఒంటరిగా పదిసార్లు గెంతండి. రెండవ కాలితో గెంతినంత సులువుగా ఉంటే, ఒక నిమిషం మెల్లని పరుగు, ఒక నిమిషం నడక చొప్పున పదిసార్లు చేయండి. పరుగెత్తుతూ పక్కవారితో మాట్లాడగలిగేంత మెల్లగా ఉండాలి. మరునాడు ఉదయం మంచం దిగేటప్పుడు నొప్పి లేకపోతే తరువాతి సాధనలో పరుగు నిమిషాలు కొంచెం పెంచుకోవచ్చు. నొప్పి తిరిగి వస్తే రెండు రోజులు ఆగి, మళ్ళీ నడక దగ్గర నుండి మొదలుపెట్టాలి. మలుపులు, గెంతులు, మేకుల బూట్లతో పూర్తి వేగం - ఇవన్నీ చివరి వారానికి.